ఉప్పు మీగడ

వెన్జు మా ఇంట్లో అడుగుపెట్టడానికి ముందు మా ఉప్పు మడిలో అడుగుపెట్టాడు. అదీ బూటు కాలితో.

జూన్ మొదటి రోజులు. చలికాలమంతా అలలు తెచ్చిపోసిన నాచు గీకి, మడులు కడిగి, సముద్రపు నీళ్ళు పెట్టి ఎండకు వదిలేశాం. తొలి పంట ఇంకా ఎత్తలేదు. మధ్యధరా సముద్రం మధ్యనున్న మా గోజో దీవిలో ఉప్పు మడులంటే మట్టి మడులు కావు. ఉత్తరపు ఒడ్డున సముద్రంలోకి చొచ్చుకుపోయిన పసుపుపచ్చటి రాతిలో మా ముత్తాతలు ఉలితో తొలిచినవి. దూరం నుంచి చూస్తే ఎవరో గళ్ళ దుప్పటి ఆరేసినట్టుంటాయి. దారికి అవతల, కొండలోకి తొలిచిన గది మా ఉప్పు కొట్టు. దాని గుమ్మంలో గోనెపట్టా నీడన కుర్చీ వేసుకుని మా నానమ్మ మద్దలేన కూర్చునేది. కళ్ళకు పొరలు కమ్మి ఎదుటివాళ్ళ మొహం సరిగ్గా ఆనేది కాదు గానీ, మడి గట్టు మీద ఎవరు ఎలా నడుస్తున్నారో మాత్రం ఎంత దూరం నుంచైనా పసిగట్టేది.

"ఎవడ్రా అది! మీ ఇంట్లో పాలగిన్నెలో కూడా ఇలాగే కాలు పెడతావా?"

ఆ కేకకి హడలిపోయిన లావుపాటి మనిషి ఒంటికాలి మీద గెంతి, పక్క మడిలో రెండో కాలు కూడా పెట్టేశాడు. చీపురు పట్టుకుని గట్టు మీద నిలబడ్డ మా అమ్మ వితోరిన్ చేత్తో నోరు మూసుకుంది. ఆవిడ నవ్వు నోరు మూస్తే ఆగేది కాదు. ఎక్కిళ్ళలా ముక్కులోంచి తన్నుకొచ్చేది. నేనూ నవ్వాను. నానమ్మ మాత్రం నవ్వలేదు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడతను, రెండు బూట్లూ విప్పి చంకలో పెట్టుకుంటూ. "నా పేరు వెన్జు. కింద రేవులో కొత్తగా హోటల్ తీసుకున్నాను. వంటవాణ్ణి. ఉప్పు కోసం వచ్చాను."

"ఉప్పు బస్తాల్లో ఉంటుంది. మడుల్లో ఉండదు."

"బస్తాల్లోది కాదమ్మా. నీళ్ళ మీద తేలే పొర కావాలి."

నానమ్మ కాసేపు తన చెవులను తానే నమ్మలేదు. "ఆ మీగడా? అది కడితే నీళ్ళలోకి ఎండ దిగదని మేం పొద్దస్తమానం చీపురుతో చెదరగొడుతుంటే, నీకు అదే కావాలా? ఏం చేసుకుంటావు, పళ్ళు తోముకుంటావా?"

అతను జేబులోంచి ఒక టొమాటో తీశాడు. వంటవాళ్ళ జేబుల్లో ఏముంటాయో ఎవరికి తెలుసు. కొట్టులో ఉన్న కత్తి అడిగి తీసుకుని దాన్ని ముక్కలు కోశాడు. మడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళ మీద అద్దం పెంకుల్లా తేలుతున్న రేకుల్ని అరచేత్తో మెల్లగా ఎత్తి, నీళ్ళు ఓడ్చి, ముక్కల మీద చల్లాడు. మొదటి ముక్క నానమ్మ చేతిలో పెట్టాడు.

నానమ్మ నమిలింది. చాలాసేపు నమిలింది.

"టొమాటో బాగుంది" అంది చివరికి. "ఎవరి తోటది?"

అమ్మ తన ముక్కను కళ్ళు మూసుకుని తింది. "అత్తయ్యా, పంటి కింద కరకరలాడుతోంది" అంది చిన్నపిల్లలా. "ముందు కరకరలాడి, తర్వాత కరిగిపోతోంది."

"ఉప్పు కరక్క గడ్డ కడుతుందా?" అంది నానమ్మ. అంది గానీ, రెండో ముక్క కోసం చెయ్యి చాపింది.

మా నాన్న సాల్వు పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నేను బళ్ళో చదువుకునే రోజుల్లో పోయాడు. అమ్మ పుట్టింటికి పోలేదు. అత్తాకోడళ్ళిద్దరూ ఆ మడుల్ని పట్టుకునే బతికారు, నన్ను పెంచారు. నేను పెద్దదాన్నై రేవులో పడవ టిక్కెట్లు అమ్మే ఉద్యోగంలో చేరాను. పొద్దుటి పడవలు వెళ్ళిపోగానే తిరిగొచ్చి మడుల్లో దిగేదాన్ని. ఊళ్ళో మమ్మల్ని ఉప్పోళ్ళు అనేవాళ్ళు. అమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా తక్కువే. సాల్వు పెళ్ళాం అనేవాళ్ళు. ఆయన పోయాక కూడా ఆ పేరు అలాగే ఉండిపోయింది.

*

మీగడ తీయడం అంత తేలికేం కాదని ఆ వారంలోనే తెలిసింది. జల్లెడతో తీస్తే రేకులు విరిగి పిండయ్యాయి. చిల్లుల గరిటెతో తీస్తే సగం జారి మునిగిపోయాయి. ఆగ్నేయం గాలి తోలిన రోజున ఊరంతా చెమ్మే, మీగడ అన్న మాటే లేదు. వాయవ్యం గాలి విసిరిన రోజున కట్టిన పొర కట్టినట్టే చెదిరి అడుగుకు పోయింది. గాలి పడిపోయి, ఎండ కాస్త వాలి, నీళ్ళు నూనెలా నిలిచిన సాయంత్రాల్లో మాత్రమే అది దొరికేది. ఆ కాస్సేపట్లో తీసుకోవాలి.

ఒకరోజు అమ్మ ఇంట్లోంచి గొర్రెపాల జున్ను కట్టే తుంగ బుట్ట పట్టుకొచ్చింది. అరచేతిలో పట్టేంత చిన్న బుట్ట. దాన్ని ఏటవాలుగా నీళ్ళ కిందికి పోనిచ్చి, మీగడ కింద నుంచి నెమ్మదిగా పైకి లేపింది. నీళ్ళు తుంగ సందుల్లోంచి కారిపోయాయి. రేకులు ఒక్కటి విరగకుండా బుట్టలో నిలిచాయి.

"రోమీ, చూడవే!" అని అరిచింది. నేను పరిగెత్తుకెళ్ళాను. బుట్టలో మంచు కురిసినట్టుంది. మా దీవిలో మంచు చూసినవాళ్ళు ఎవరూ లేరు గానీ, అలాగే ఉంటుందని అనుకున్నాను.

"నా జున్ను బుట్ట పాడుచేశావు" అంది కొట్టు గుమ్మంలోంచి నానమ్మ. కాసేపాగి, "అడుగున పట్టుకోకే, అంచు పట్టుకో. చెయ్యి వణకదు" అంది.

ఆ రోజు నుంచి అమ్మ సాయంత్రం పూట మీగడ తీసి, గుడ్డ మీద ఆరబెట్టి, రేకు డబ్బాలో పోసుకుని రేవుకు దిగేది. హోటల్ వెనక గుమ్మంలో ఇచ్చి వచ్చేది. వెన్జు ఆ డబ్బాను ఎప్పుడూ ఖాళీగా తిరిగి పంపేవాడు కాదు. అందులో ఏదో ఒకటి ఉండేది. ఒకరోజు ఆక్టోపస్ కూర, ఒకరోజు చిక్కుడు గింజల ముద్ద, ఒకరోజు మాంసం కూరి వండిన వంకాయలు. "అమ్మగారికి" అని చెప్పి పంపేవాడు. ఆ అమ్మగారు మా నానమ్మ.

నానమ్మకు ఆ వంటలు వచ్చినప్పటి నుంచి జీవితంలో కొత్త పని దొరికింది. మర్నాడు పొద్దున నేను పడవల రేవుకు వెళ్తుంటే దారిలో హోటల్ దగ్గర ఆగి చెప్పమని కబుర్లు పంపేది.

"వంకాయ ఉడికింది గానీ మెత్తబడలేదని చెప్పు. నూనెలో అది ఏడవాలి. ఏడ్చేదాకా ఉంచమను."

"ఆక్టోపస్ బాగుంది. కానీ దాన్ని రాతి మీద కొట్టాడా, ఊరికే బుజ్జగించాడా అని అడుగు."

"కూరలో ఉప్పు తక్కువైంది. మా దగ్గర ఉప్పు తీసుకుని మాకే తక్కువేస్తాడా? మాల్టా వాళ్ళంతా ఇంతే. తొందరెక్కువ, ఉప్పు తక్కువ!"

వెన్జు పక్క దీవి మాల్టా మనిషి. మా గోజో వాళ్ళ కళ్ళకి అది పరదేశం కిందే లెక్క. ఏళ్ళ తరబడి ఓడల్లో వంట చేసి ఒడ్డెక్కినవాడు. పెళ్ళాడే తీరిక దొరకలేదని తనే చెప్పుకునేవాడు. నా కబుర్లు విని గరిటె పట్టుకునే నవ్వేవాడు. హోటల్‌కు సెలవు రోజైన సోమవారం మడులకు వచ్చి, ముందే బూట్లు విప్పి, నానమ్మ ఎదుట రాతి మీద కూర్చుని జవాబు చెప్పుకునేవాడు.

"అమ్మా, ఉప్పు తక్కువ కాదు. మీ నాలుక ఎక్కువ ఉప్పుది."

"నా నాలుక సంగతి నీకెందుకయ్యా? నా పళ్ళు ఊడినా నాలుక ఊడలేదు."

"అది ఊరందరికీ తెలుసు."

నానమ్మ చేతికర్రతో అతణ్ణి కొట్టబోయింది. అతను తప్పించుకున్నాడు. అమ్మ తల వంచుకుని మడి ఊడుస్తోంది. ముక్కులోంచి ఎక్కిళ్ళు వస్తున్నాయి.

జులై అంతా అలాగే సాగింది. ఉప్పు కూడా ఆ ఏడు విరగపండింది. పొద్దున్నే అమ్మా నానమ్మా మడుల దగ్గరికి వెళ్ళేవాళ్ళు, పడవలు వెళ్ళాక నేనూ చేరేదాన్ని. సూర్యుడు నెత్తికెక్కే లోపల అమ్మా నేనూ చీపుళ్ళతో ఉప్పు దగ్గరికి ఊడ్చి రాతి మీద కుప్పలు పోసేవాళ్ళం. కుప్పల నుంచి నీళ్ళు కారి మళ్ళీ సముద్రంలోకే పోయేవి. అమ్మ పాడుకునేది. ఏ పాటా పూర్తిగా వచ్చేది కాదు. మొదటి చరణం పాడి, మిగతాది "లా లా లా" అని లాగించేది. నాన్న పోయినప్పటి నుంచి తలకు కట్టుకునే నల్ల గుడ్డ తీసేసి, పసుపురంగుది కట్టుకోవడం ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించనేలేదు. గమనించింది పక్క మడుల నార్డు.

నార్డు చెడ్డవాడు కాదు. నోటికి మూత లేదంతే. వరస కలుపుకుని అమ్మను వదినా అని పిలిచేవాడు.

"ఏం వదినా, ఈ ఏడు మీ మడుల్లో మీగడ బాగా కడుతోందట! మావాటిలో కట్టదేం?"

"నీ మడుల్లో చెత్త ఎక్కువ" అంది అమ్మ.

"చెత్తేం కాదు వదినా. వంటవాడు లేడు."

అమ్మ మొహం ఎర్రబడింది. ఆ రోజు నవ్వి ఊరుకుంది. కానీ ఆ మాట నార్డు ఒక్కడి నోట్లో ఆగలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. అమ్మ వచ్చేసరికి మాట ఆగిపోయింది. మేం దాటి నాలుగడుగులు వేశాక వెనక నుంచి వినబడింది. "సాల్వు పెళ్ళామే, చూడు. ముసలావిడకి కళ్ళు కనబడవు గనక సరిపోయింది."

అమ్మ వెనక్కి తిరగలేదు. మర్నాడు నల్ల గుడ్డ కట్టుకుంది.

ఆ సాయంత్రం గాలి పడిపోయింది. మీగడ ఎప్పుడూ లేనంత మందంగా కట్టింది. అమ్మ చీపురు తీసుకుని మడి మడికీ దాన్ని చెదరగొడుతూ వెళ్ళింది. ఇంకా రెండు మడులు ఉన్నాయనగా వెన్జు వచ్చాడు. సోమవారం కదా.

"ఇక మీగడ లేదు" అంది అమ్మ, అతని వైపు చూడకుండా. "మీరు రావద్దు."

వెన్జు మిగిలిన ఆ రెండు మడులకేసి చూశాడు. తెల్లగా, నిండుగా కట్టి ఉంది మీగడ. గుడ్డివాడికి కూడా కనబడుతుంది.

"సరేనండి. లేదు" అన్నాడు. బూట్లు చేతిలో పట్టుకుని గట్టు వెంబడి వెళ్ళిపోయాడు. దారి ఎక్కాక కూడా తొడుక్కోవడం మర్చిపోయినట్టున్నాడు. వేడెక్కిన తారు మీద గెంతుతూ పోతున్నాడు. మరో రోజైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని.

*

తర్వాత రోజులన్నీ మా ఇంట్లో చప్పిడి కూడే. వంటలు రావడం ఆగిపోయింది. అమ్మ పాట ఆగిపోయింది. నానమ్మకు తిట్టడానికి మనిషి లేక నన్ను తిట్టేది. పులుసు బాగుండలేదని, కుర్చీ ఎండలో వేశానని, పడవలు ఆలస్యంగా వస్తున్నాయని.

"ఆ వంటవాడేమయ్యాడే?" అని అడిగింది ఒకరోజు కొట్టులో. "చచ్చాడా?"

అమ్మే జవాబిచ్చింది. "మీగడ కట్టడం లేదత్తయ్యా. అందుకని రావడం లేదు."

నానమ్మ అమ్మ ఉన్న వైపు తల తిప్పింది. "పొర కమ్మింది నా కళ్ళకి" అంది. "చెవులకి కాదు." అమ్మ బస్తా మూతి కుట్టడంలో పడింది. చర్చి మెట్ల మీది మాట నానమ్మ దాకా ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు.

ఆగస్టులో మరియమాత పండగ, మేం సాంతా మరియా అంటాం. ఆ ముందురోజుకి ఊరంతా తోరణాలే. బ్యాండు వాళ్ళు పొద్దున్నుంచే ఊదుతున్నారు, టపాసులు మోగుతున్నాయి. నాకూ సెలవే. మేం మాత్రం మడుల్లోనే ఉన్నాం. ఆ ఏటి అన్నింటికన్నా పెద్ద పంట అప్పుడే ఊడ్చి కుప్పలు పోశాం. రాతి మీద వరసగా తెల్లటి కుప్పలు. ఆ రాత్రంతా ఓడనిచ్చి పండగ మర్నాడు బస్తాలకెత్తుదామనుకున్నాం.

మధ్యాహ్నం నానమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ముక్కు ఎగబీల్చింది.

"వాన" అంది.

ఆకాశం ఆ మూల నుంచి ఈ మూల దాకా నీలంగా ఉంది. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. కాసేపటికి వాయవ్యం మూల, సముద్రం అంచున, సిరా ఒలికినట్టు ఒక నల్లటి మరక కనబడింది. చూస్తుండగానే పెరిగింది.

"అత్తయ్యా, ఇన్ని కుప్పలు మా ఇద్దరి వల్లా కాదు" అంది అమ్మ. వేసవంతా చేసిన చాకిరీ రాతి మీద ఉంది. నార్డు తన కుప్పల కోసం అప్పటికే పరిగెడుతున్నాడు. మిగతా ఊరంతా బ్యాండు వెనక ఉంది.

నానమ్మ నా చెయ్యి దొరకబుచ్చుకుంది. "పిల్లా, పరిగెత్తు. ఆ వంటవాణ్ణి పిలుచుకురా."

"వద్దత్తయ్యా!" అంది అమ్మ.

"నేను పిలుస్తున్నాను" అంది నానమ్మ. "నువ్వు కాదు. నువ్వు బస్తాలు తియ్యి."

నేను రేవు దాకా ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. హోటల్ కిటకిటలాడుతోంది. పండగ బట్టల్లో కుటుంబాలు, సెలవులకొచ్చి ఎండకు ఎర్రగా కాలిన తెల్లదొరలు. వంటగదిలో వెన్జు మూడు పొయ్యిల మధ్య చెమటలు కక్కుతున్నాడు. నాకు ఊపిరాడక "వాన, ఉప్పు, నానమ్మ" అని మూడు మాటలే అనగలిగాను.

అతను పొయ్యిల మీది చేపల్ని ఒకసారి చూశాడు. పొయ్యిలు ఆర్పేశాడు. అలాగే తెల్లకోటుతో భోజనాల గదిలోకి వెళ్ళి చప్పట్లు కొట్టాడు.

"అయ్యలారా, అమ్మలారా! భోజనం ఆలస్యమవుతుంది. ఉప్పు తడిసిపోతోంది. ఆగలేనివాళ్ళు వెళ్ళిపోవచ్చు. ఆకలి ఇంకా పెరగాలనుకునేవాళ్ళు నాతో రండి!"

ఒకరిద్దరు గొణిగారు. మిగతావాళ్ళు కుర్చీలు చప్పుడు చేస్తూ లేచారు. పండగ ముందురోజు మా వాళ్ళకి తమాషా కావాలి, అంతే. వడ్డించేవాళ్ళు, గిన్నెలు తోమే ముసలాయన, టై కట్టుకున్న పెళ్ళికొడుకులాంటి ఒకాయన, ఆయన పెళ్ళాం, ఏం జరుగుతోందో అర్థం కాని తెల్లదొరల జంట ఒకటి. అందరం పరిగెత్తాం. ముందు వెన్జు. అంత లావు మనిషి అంత పరిగెడతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

మేం చేరేసరికి నల్లటి మబ్బు సగం ఆకాశం తినేసింది. అమ్మ ఒక్కతే పారతో బస్తాలు నింపుతోంది. తల ఎత్తి చూసింది. ఒక లావుపాటి వంటవాడి వెనక ఊరేగింపులా వస్తున్న ఆ జనాన్ని చూసి పార చేతిలో పట్టుకునే ఉండిపోయింది.

"బూట్లు విప్పండి!" అని నానమ్మ గుమ్మంలోంచి గావుకేక పెట్టింది. అందరూ ఒక్కసారి ఆగి విప్పారు. తెల్లదొర మేజోళ్ళు కూడా విప్పాడు.

తర్వాత మాటలు లేవు. ఇద్దరు నింపడం, ఇద్దరు పట్టడం, మిగతావాళ్ళు మడుల నుంచి కొట్టు దాకా బారుగా నిలబడి బస్తాలు చేతులు మార్చడం. టై ఆయన టైని నోట కరుచుకుని మోశాడు. నార్డు కుప్పలు కూడా అందులోనే కలిసిపోయాయి. ఎవరి ఉప్పు ఏదో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. నానమ్మ కుర్చీలో కూర్చుని చేతికర్రతో రాతి మీద దరువు వేస్తోంది. "ఊఁ! ఊఁ! ఊఁ!" ఆ దరువుకే బస్తాలు కదిలాయి. అమ్మా వెన్జూ ఒకే కుప్ప దగ్గర ఎదురెదురుగా పారలు వేస్తున్నారు. ఒకరి పార ఒకరికి తగలకుండా, ఎప్పటి నుంచో కలిసి ఆ పని చేస్తున్నవాళ్ళలా.

తొలి చినుకులు పడేసరికి చివర ఒక చిన్న కుప్ప మిగిలింది. అది కళ్ళముందే కరిగి రాతి మీద పాలలా పారి సముద్రంలో కలిసిపోయింది.

"పోనీ" అంది నానమ్మ. "ఆయన వాటా ఆయన తీసుకున్నాడు." ఆ ఆయన సముద్రమో దేవుడో ఆమె చెప్పలేదు.

*

అందరం కొట్టులో దూరాం. బస్తాల మీద, బస్తాల మధ్య, ఎక్కడ చోటుంటే అక్కడ. గుమ్మం ముందు వాన తెరకట్టినట్టు పడుతోంది. ఒళ్ళంతా ఉప్పు, చెమట. అందరికీ నవ్వు ఆగడం లేదు. తెల్లదొర భార్య అరచేతి బొబ్బ అందరికీ చూపిస్తోంది, పతకం గెలిచినట్టు. అమ్మ మా పొద్దుటి రొట్టె తీసి ముక్కలు కోస్తోంది. మీద రుద్దడానికి టొమాటోలు, కాస్త ఆలివ్ నూనె. వెన్జు గుమ్మం దగ్గర, సగం తడుస్తూ, వెళ్ళాలా ఉండాలా తెలియనట్టు నిలబడ్డాడు.

"ఏమయ్యా" అంది నానమ్మ. "నీ హోటల్ మీద గదిలోనేగా నువ్వుండేది?"

"అవునమ్మా."

"మెట్లెన్ని?"

అతనికి అర్థం కాలేదు. "చాలా ఉన్నాయమ్మా. పాత ఇల్లు. ఎందుకు?"

"నాకు మోకాళ్ళ నొప్పులు. అన్ని మెట్లు ఎక్కలేను" అంది నానమ్మ. "అంచేత నువ్వే మా ఇంటికి వచ్చెయ్యాలి. మా వంటగది పెద్దది."

రొట్టె కోస్తున్న కత్తి ఆగింది. మళ్ళీ కత్తి కదిలింది. అమ్మ ఆ ముక్కకు టొమాటో రుద్ది, నూనె వేసి, గుమ్మం దాకా నడిచి వెళ్ళి వెన్జు చేతిలో పెట్టింది.

"లోపలికి రండి" అంది. "తడిసిపోతున్నారు."

కాసేపటికి గాని నార్డుకు వెలగలేదు. "అయ్యబాబోయ్! మద్దలేన పిన్నీ, ఇల్లరికమా? కోడలికి అల్లుణ్ణి తెచ్చుకుంటున్నావా?"

"అవున్రా. నీకేమన్నా నొప్పా?" అంది నానమ్మ. "నీ నోట్లో ఆ రొట్టె కుక్కుకో. ఇందాక నీ ఉప్పు ఎవరు మోశారో గుర్తుందా?"

నార్డు బుద్ధిగా రొట్టె కుక్కుకున్నాడు. ఆ తర్వాత ఊళ్ళో అమ్మను ఎవరైనా ఒక మాటంటే, వాళ్ళ మీద మొదట విరుచుకుపడింది వాడే.

మర్నాడు పండగ. వాన కడిగిన వీధుల్లో సాంతా మరియా ఊరేగింపు మా కిటికీ కింది నుంచి వెళ్తోంది. బ్యాండు మోతకు అద్దాలు అదురుతున్నాయి. నానమ్మ కిటికీ దగ్గర కూర్చుని జపమాల తిప్పుతోంది. అమ్మ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా. సాల్వుని నేను మర్చిపోయానని అనుకోకండి."

నానమ్మ జపమాల ఆపింది. "వాడు నా కొడుకు" అంది. "వాడి కోసం ఏడవడం నా పని. ఆ పని నీకెప్పుడన్నా అప్పజెప్పానా?"

అమ్మ ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. నానమ్మ చెయ్యి తడుముకుంటూ వెళ్ళి అమ్మ తలకట్టు ముడి విప్పింది. నల్ల గుడ్డను మడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. కింద బ్యాండు అప్పుడే కొత్త పాట ఎత్తుకుంది. నేను వంటగదిలోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా, కాఫీ పెట్టాను.

*

అక్టోబరులో పెళ్ళి. మడుల పని అయిపోయి, అలలు మళ్ళీ రాతి మీదికి ఎక్కడం మొదలుపెట్టాక. అంతకు ముందే వెన్జు సామాను మా ఇంటికి వచ్చింది. బట్టలు ఒక చిన్న సంచీ. గిన్నెలు, మూకుళ్ళు, కత్తులు ఒక వ్యాను నిండా. వాటిని ఎక్కడ పెట్టాలన్న దాని మీద నానమ్మకూ అతనికీ వారం రోజులు యుద్ధం నడిచింది. "అమ్మగారు" పోయి "అమ్మా" మిగిలింది. "ఏమయ్యా" పోయి "ఒరేయ్" వచ్చింది. ఇంట్లో మళ్ళీ మసాలా వాసన, అరుపులు, అమ్మ పాట మొదటి చరణం.

పెళ్ళి రోజు పొద్దున అమ్మను నేనే తయారుచేశాను. లేత నీలం గౌను. తెలుపు వద్దంది, సిగ్గుపడింది. చర్చి గుమ్మం దగ్గరికి చేరేసరికి లోపలంతా నిండిపోయింది. మెట్ల మీద గుసగుసలాడిన ఆడవాళ్ళు ముందు వరసలో కొత్త టోపీలతో కూర్చున్నారు. వెన్జు పీఠం దగ్గర నిలబడి మాటిమాటికీ మెడ తుడుచుకుంటున్నాడు.

ఫాదర్ అల్విజ్ గుమ్మం దాకా వచ్చి మెల్లగా అడిగారు. "పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని నడిపించేదెవరమ్మా? తండ్రి లేడు. అన్నదమ్ములెవరైనా..."

"నేనున్నాను" అంది నానమ్మ.

"మీరు అత్తగారు కదా మద్దలేనమ్మా..."

"ఎవరు చెప్పారు?" అంది నానమ్మ.

ఫాదర్ దారి వదిలి లోపలికి వెళ్ళిపోయారు. నానమ్మ చేతికర్ర నాకిచ్చింది. అమ్మ మోచేతిలో చెయ్యి వేసింది. ఎవరిని ఎవరు నడిపిస్తున్నారో చూసేవాళ్ళకు తెలియనట్టుగా ఇద్దరూ గుమ్మం దాటారు.

ఆర్గన్ మీద పెళ్ళి పాట మొదలైంది. నానమ్మ ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. మా చర్చి మధ్య దారి పొడుగు. వాళ్ళు సగం దూరం రాకముందే పాట అయిపోయింది. వాయించే ఆయన కంగారుగా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆ పాటా అయిపోయింది. మూడోసారి మొదలుపెట్టేసరికి వరసల్లో నవ్వులు గుప్పుమన్నాయి. అమ్మ సిగ్గుతో ఎర్రబడి వంగి నానమ్మ చెవిలో ఏదో అంది.

"తొందరేమొచ్చిందే?" అంది నానమ్మ, చర్చి మొత్తానికి వినబడేలా. "వాడేం పారిపోడులే."